పగిలినవి: ఒకటి

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో
మూతపడటానికి ఇంకా మనసొప్పని పలకల ఫ్యాక్టరీ మాది.
నేను గుమాస్తాను.
పదకొండేళ్లుగా పెట్టెకెన్ని, పగిలినవెన్ని
రెండే గళ్లు నింపుతున్నాను.

మొన్న ఎండాకాలం ఎమ్రిస్ వచ్చాడు,
వేల్స్ దేశపు ముసలాయన.
ఇళ్లకప్పులకి రాయి కావాలట.
మీ కొండలు అయిపోయాయా అన్నాను.
కొండలున్నాయి, కొట్టే చేతులే అయిపోయాయన్నాడు.

కుప్పలోంచి ఒక పలక తీసి
గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.
మస్తాన్‌బీ చేతిలో ఉలి ఆగింది.
ఆమె కూడా అట్లాగే వింటుంది.
మంచి రాయి గంటలా మోగుతుంది,
లోపల బీటున్నది జలుబు చేసిన గొంతుతో పలుకుతుంది.

"లెఖ్" అన్నాడాయన,
నాలుక పక్కలనుంచి గాలి వదులుతూ.
వాళ్ల భాషలో పలకరాయి.
"లెక్కా?" అంది మస్తాన్‌బీ.
"మన పిల్లకాయలు లెక్కలేసేది దీనిమీదే గదబ్బయ్యా!
మన మాట అంతదూరం ఎట్టా పోయిందో!"

పోలేదు మస్తాన్‌బీ.
రెండు మాటలు ఒకే ముక్కుతో పుట్టినంత మాత్రాన
ఒక తల్లి పిల్లలు కారు.
వాళ్ల కర్రెగ్ రాయే, మన కరుడూ రాయిలాంటిదే.
చుట్టాలని పందిరి వేయబోయి ఆగాను.
రాయి గట్టిది కాబట్టి
ఎవరి నోరైనా దాని దగ్గర గట్టిపడుతుందేమో,
అంతకు మించి నాకు తెలీదు.

సాయంత్రం స్టేషన్ ఎదుట టీ తాగుతూ
మీ మాటలు చెప్పమన్నాడు.
సంచీ బోర్లించినట్టు చెప్పాను.
బండ, కదలనంటుంది. గుండు, తోస్తే దొర్లుతుంది.
గరుసు, చెప్పుల్లో చేరి ఇంటికొస్తుంది.
చట్రాయి, తిప్ప, గుట్ట, మిట్ట,
వాన పడితే మెరిసే పలుగురాయి,
గుండ్లకమ్మ, పేరులోనే రాళ్లు మోసుకుపోయే ఏరు.
పడమట నల్లమల, ఇటు వెలికొండ.
వెలి అంటే తెలుపా, బయటా?
మా ఊళ్లో ఆ తగవు తెగలేదు.
మల అంటే కొండే,
కానీ "మలకి పోతున్నా" అని ఎవరూ అనరిప్పుడు.
పేర్ల చివర కూర్చున్న పండుముసలి మాట అది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.
మా ఊళ్లోనూ అంతే,
మా తాత మాటలు కొన్ని
కొండల పేర్లలో తప్ప ఇంకెక్కడా దొరకవన్నాడు.
తాత ఎట్లా పోయాడని అడిగాను.
"లుఖ్."
మళ్లీ పలకేనా అన్నాను.
కాదట.
లెఖ్ పలక, లుఖ్ దుమ్ము.
మధ్యలో ఒక్క అచ్చు తేడా.

నాకు కాశిం దగ్గు వినపడింది.
మస్తాన్‌బీ పెనిమిటి.
రాత్రిళ్లు గోడకి వీపానించి కూర్చునే నిద్రపోయేవాడు.
ఆస్పత్రి చీటీలో ఏదో పెద్ద పేరు రాశారు.
ఆమె మాత్రం ఎవరడిగినా దుమ్మనే చెప్పింది.

మరునాడు బేరం కుదరలేదు.
రంగు తేడా అన్నాడు, నిజమే,
వాళ్లది ఊదా, మాది నలుపు.
లేవబోతుంటే మస్తాన్‌బీ ఒడిలోంచి
అరచేయంత పెచ్చు ఊడి పడింది.
"ఈ పలుకు తీసకపొమ్మను, ఉత్త చేతుల్తో ఎందుకు?"

పలుకంటే ఏమిటని అడిగాడు.
ముక్క, అన్నాను.
మాట కూడా, అన్నాను.
రెండిటికీ ఒకటే మాటా?
ఒకటే.
ఎందుకో నన్నడగొద్దు,
బియ్యంలో నూకని, పంటి కింద రాయిని, నోట్లో మాటని
ఒకే పేరుతో పిలిచినవాళ్లెవరో
ఏ గుట్ట కింద నిద్రపోతున్నారో.

ఆయన దాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు.
ఆటో మలుపు తిరిగాక
పుస్తకం తెరిచాను.
అమ్మినవాటి గడిలో రాయలేను,
ఊరికే ఇచ్చినవాటికి గడి లేదు.
మస్తాన్‌బీ మళ్లీ ఉలి ఆనించింది.
పొర విడిచిన చప్పుడైంది.